మేజర్ గారి ఇంట్లో పిల్లి

మా అత్తవారింట్లో మొత్తం ఆరుగురం. మావయ్య గారు, అత్తయ్య గారు, మా ఆయన ఫిన్నీ, నేను, మా పాప దీవెన, మేజర్. వరస తప్పు రాశాను. మావయ్య గారిని అడిగితే మేజర్ పేరు రెండోది. మొదటిది ఆయనదే అనుకుంటాను గానీ గట్టిగా చెప్పలేను.

మేజర్ అంటే కుక్క. గోధుమ రంగు. ఒక చెవి నిలబడి ఉంటుంది, ఇంకోటి పడుకుని ఉంటుంది. చూసినవాళ్లు ఊరకుక్క అనుకుంటారు. ధవళేశ్వరంలో కాలవ గేట్ల దగ్గర ముప్ఫయ్యేళ్లు లస్కరుగా చేసి రిటైరైన మా మావయ్య చిట్టియ్య గారి మాట వేరు. దాని ముత్తవ్వ ఇంజనీరు గారి బంగళాలో సోఫా మీద పడుకునేదట. ఆ వంశంలో పుట్టిన ప్రతి మగకుక్కా మేజరే. ఇది నాలుగో మేజర్. ముందటి ముగ్గురి ఫొటోలూ హాల్లో ఫ్రేములు కట్టి ఉన్నాయి. మా పెళ్లి ఫొటోకి ఫ్రేము కట్టించాలి. చూడాలి, ఇంకా మూడేళ్లేగా అయింది.

ఈ ఇంట్లో కుక్క మీద ఎంత ప్రేమో పిల్లి మీద అంత మంట. "కుక్క మనిషిని నమ్ముకుంటుంది. పిల్లి ఎవర్నీ నమ్ముకోదు, తిని పోతుంది" అని మావయ్య గారు వారానికోసారైనా అంటారు. "మనం దేవుణ్ణి నమ్ముకున్నవాళ్లం, శకునాలు మనకి లేవు" అని కూడా అంటారు. ఆదివారం చర్చికి బయల్దేరినప్పుడు పిల్లి ఎదురొస్తే మాత్రం ఆగి, వంగి, చెప్పు పట్టీ సరిచేసుకుంటారు. పిల్లి పూర్తిగా దాటిపోయి, ఇంకెవరో మా ముందు నడిచి వెళ్లేదాకా ఆ పట్టీ సరిపడదు.

ఇక మా దీవెన. ఇరవై నెలలు. తినదు.

తినదు అంటే కాస్త పేచీ పెట్టి తింటుందని అనుకునేరు. ముద్ద కలిపి దగ్గరికి వెళ్తే పెదాలు బిగించేస్తుంది. బలవంతంగా పెడితే బుగ్గలో దాచి, గంటయ్యాక నా భుజం మీదే ఊసేస్తుంది. ఆ నెల అంగన్‌వాడీలో బరువు తూచినప్పుడు ఏడు కిలోల ఎనిమిది వందలు వచ్చింది. అంతకుముందు నెలా అంతే, ఆ ముందు నెలా అంతే. టీచర్ హేమశ్రీ గారు చార్టు నా ముందుకి తిప్పారు.

"గీత పడుకుందమ్మా చూడు. ఇది ఈ పచ్చ రంగులో ఉండాలి. పసుపులో ఉంది. వచ్చే నెలకీ పెరక్కపోతే కింద నారింజ రంగులోకి దిగిపోద్ది. అప్పుడు పెద్దాసుపత్రికి రాసివ్వక తప్పదు. రాజమండ్రిలో పద్నాలుగు రోజులు పాపతో అక్కడే ఉండాలి."

నేను తొమ్మిదో తరగతితో ఆపేశాను. గ్రాఫులు పదిలో వస్తాయట. అయినా పడుకున్న గీతని చదవడానికి పది అక్కర్లేదు.

ఇంటికి వచ్చి చెప్తే అత్తయ్య దేవకుమారి గారు గుండె మీద చెయ్యి వేసుకున్నారు. పాప గురించి అనుకున్నాను. "ఊళ్లో ఏమంటారే? కోడలు పిల్లకి ముద్ద పెట్టలేక ఆసుపత్రిలో పడేసిందంటారు. మా ఫిన్నీ ఈ వయసులో ప్లేటు కూడా వదిలేవాడు కాదు" అన్నారు. ఆ ప్లేటు మిగల్చనాయన సాయంత్రం రాజమండ్రి నించి ఒక టానిక్కు సీసా తెచ్చి, టీవీ మీద పెట్టి, తండ్రిగా తన వంతు పూర్తి చేసుకున్నారు.

మావయ్య గారి దగ్గర మాత్రం ఉపాయం ఉంది. "పిల్లలు కుక్కని చూస్తూ తింటారమ్మాయ్. మేజర్ని ఎదురుగా కూర్చోబెడతాను, నువ్వు పెట్టు."

కూర్చోబెట్టారు. మేజర్ పాప ముద్దకేసి చూస్తాడు. నేను పాప నోటికేసి చూస్తాను. అత్తయ్య గారు నా చేతికేసి చూస్తారు. మావయ్య గారు మేజర్ ఎంత బుద్ధిగా చూస్తున్నాడో చూస్తారు. ఇంతమంది చూపుల మధ్య దీవెన ముద్ద తీసి మేజర్‌కి పెట్టేసేది. పప్పన్నం, నెయ్యన్నం, గుడ్డు, బాలామృతం ఉండలు, అన్నీ మేజర్‌కే. వారం తిరిగేసరికి ఫలితం కనిపించింది. మేజర్ నిగనిగలాడాడు. ఆ వారంలో వాణ్ణి తూకం వేయిస్తే గీత చార్టు దాటి గోడెక్కేది.

నాకు మాత్రం ఆ పద్నాలుగు రోజులే కళ్లలో తిరుగుతుండేవి. వేరే ఊరు, ఆసుపత్రి మంచం, అక్కడా ఇది నోరు బిగిస్తే ఏం చేయను?

అలా ఉండగా ఒక పొద్దున మావయ్య గారు గట్టిగా అరిచారు. వరండాలో ఎండకి మూత తీసి పెట్టిన ఆయన ట్రంకుపెట్టెలో, ముప్ఫయ్యేళ్ల సర్వీసు ఖాకీ బట్టల మీద, ఒక బూడిదరంగు పిల్లి మూడు పిల్లలకి పాలిస్తూ పడుకుంది. మేజర్ వంశగౌరవం కోసం ఒకసారి మొరిగాడు. ఆ పిల్లి లేచి, ముక్కు మీద ఒక్కటిచ్చి, మళ్లీ వెళ్లి పడుకుంది. మేజర్ గారు ఆ రోజు నించి పెరటి దారిన రాకపోకలు సాగించారు.

"మేజర్ మర్యాదస్తుడు. ఆడవాళ్ల జోలికి వెళ్లడు" అని చెప్పి, మావయ్య గారు కర్ర తీసుకున్నారు.

సరిగ్గా అప్పుడే నేను దీవెనని చంకలో వేసుకుని, గిన్నె పట్టుకుని వరండాలోకి వచ్చాను. పిల్లి పెట్టె అంచు మీదకి ఎక్కి కూర్చుని కాలు నాక్కుంటోంది. మాకేసి ఒక్కసారి కూడా చూడలేదు. మేం అక్కడ ఉన్నట్టే లెక్కలేదు దానికి. దీవెన వేలు చూపించి "మ్యా" అంది. నోరు తెరుచుకుంది గదా అని ముద్ద పెట్టాను. మింగింది.

మళ్లీ పెట్టాను. మళ్లీ మింగింది.

మావయ్య గారు కర్ర పైకెత్తారు.

"దించండి ఆ కర్ర!" అత్తయ్య గారు అంత గొంతుతో మాట్లాడటం నేను క్రిస్మస్ పాటల్లో కూడా వినలేదు. "ఇంకా ముద్దలున్నాయి!"

మొత్తం పదకొండు ముద్దలు. అత్తయ్య గారు "స్తోత్రం, స్తోత్రం" అన్నారు. మావయ్య గారు కర్ర గోడకి ఆనించి, "ఒక పూట ఉంటే ఉండనీ, దరిద్రం" అన్నారు.

ఆ ఒక పూట రెండో రోజుకి "అది ఉందా?" అయింది, అయిదో రోజుకి "ఆవిడ లేచారా?" అయింది. మేజర్ పాలు ముందు సగం అయ్యాయి, తర్వాత పావు అయ్యాయి. వీధిలోకి చేపల తట్టతో వచ్చే నూకరత్నాన్ని మావయ్య గారు గేటు దగ్గర పట్టుకుని, గొంతు తగ్గించి ఎండు నెత్తళ్లు అడిగారు.

"నెత్తళ్లాండి? ఎవరికండి బాబుగోరూ?"

"మేజర్‌కి."

"మేజరుగోరు నెత్తళ్లు ఎప్పట్నించి తింటన్నారండి?" అని నూకరత్నం నవ్వి, వరండాలోకి తొంగిచూసింది. "ఓలమ్మో, ఇదిక్కడుందా! మా పాకలో పిల్లల్ని పెట్టిందండి. అక్కణ్ణించి టైలరుగోరింటికి మార్చింది. మీది మూడో ఇల్లండి. ఏడిళ్లు తిప్పుద్ది కదండి పిల్లి. పిల్లల్ని ఎవరైనా ముట్టుకున్నారంటే ఇంకా బేగి పోద్ది."

ఆ మాటతో ఇంట్లో కర్ఫ్యూ పెట్టారు. వరండాలో గట్టిగా మాట్లాడకూడదు. ఫిన్నీ బండి వీధి మొదట్లోనే ఆపి తోసుకుంటూ రావాలి. మావయ్య గారి పడక్కుర్చీ పెరట్లోకి పోయింది. ఇరవయ్యేళ్లుగా పిల్లిని చూస్తే పళ్లు నూరే మనిషి, పళ్లెంలో పాలు పోసి, వెనక్కి తిరక్కుండా అలాగే వెనకడుగు వేస్తూ వచ్చేవారు. మేజర్‌కి కూడా ఎప్పుడూ ఆ భాగ్యం లేదు.

పదో రోజున మా ఇంట్లో స్త్రీల ప్రార్థన కూడిక. పదిహేను మంది వచ్చారు. ప్రార్థన పది నిమిషాలు, పిల్లిపిల్లల దర్శనం గంట. "అబ్బ, ఎంత ముద్దొస్తన్నాయో" అంటూ పెద్దా చిన్నా అని లేకుండా అందరూ ఎత్తుకున్నారు. మర్నాడు పొద్దున ట్రంకుపెట్టెలో ఖాకీ బట్టలు, వాటి మీద కాస్త బొచ్చు మిగిలాయి.

దీవెన పెట్టెలోకి వంగి చూసి, నాకేసి చూసి, నోరు మూసేసింది. బరువు తూచడానికి ఇంకా పన్నెండు రోజులు.

"నాలుగో ఇల్లు తాతాజీ గారిదండి" అని కబురు తెచ్చింది నూకరత్నమే.

తాతాజీ గారు మావయ్య గారితో కలిసి గేట్ల దగ్గర పనిచేసిన ఆయన. వాళ్లింట్లో ఎప్పుడూ రెండు మూడు పిల్లులు తిరుగుతుంటాయి. అందుకని మావయ్య గారు ఆ గడప తొక్కి తొమ్మిదేళ్లు. ఆ మధ్యాహ్నం తొక్కారు. ముందు పాపని ఎత్తుకుని మావయ్య గారు, వెనక గిన్నెతో నేను, నా వెనక మంచినీళ్ల గ్లాసుతో అత్తయ్య గారు, చివర్న మేజర్. ఊరేగింపుకి బాజాలొక్కటే తక్కువ.

తాతాజీ గారు అరుగు మీంచి లేవలేదు. "రావయ్యా చిట్టియ్యా. ఏంటి, దారి తప్పావా?"

"పాప ఆవిణ్ణి చూస్తే గానీ తినట్లేదయ్యా."

"ఎవర్ని?"

మావయ్య గారు మింగలేక కక్కలేక, "పిల్లి గారిని" అన్నారు.

"అలా చెప్పు. రండి, రండి. ఆ మేజర్ని మాత్రం బయట ఉంచు. లోపల మర్యాదస్తులుంటారు."

మేజర్ గేటు బయట కూర్చుని, తన జన్మలో మొదటిసారి, లోపల ఇంకెవరి కోసమో తెరుచుకున్న తలుపుకేసి చూశాడు. నాకు జాలేసింది. నిజం చెప్తున్నా, కాస్త సంతోషం కూడా వేసింది.

అలా పూటకో ఊరేగింపు. ఆ పిల్లి అయిదో ఇంటికి మారితే మేమూ మారాం. వెళ్లిన చోటల్లా ఎవరో ఒకరు పాప చేతిలో అరటిపండో బిస్కెట్టో పెట్టేవాళ్లు. బాగానే సాగుతోందనుకున్నాను.

రేపు బరువు తూస్తారనగా, ఆదివారం, పిల్లి మాయమైంది. ఆరో ఇల్లు అప్పాయమ్మ గారిదని నూకరత్నం చెప్పింది. తీరా వెళ్తే తాళం. వాళ్లంతా పెనుగొండ అమ్మవారి గుడికి వెళ్లారట, రేపు గానీ రారు. చర్చి నించి వచ్చిన బట్టలతోనే మేం ఆ ఇంటి ముందు దిగాం. తాతాజీ గారు కూడా చెప్పులేసుకుని వచ్చేశారు.

"గోడ పక్క కట్టెల్లో ఉందేమో చూడవయ్యా."

"నువ్వు ఆ స్టూలు పట్టుకో, నేను ఎక్కుతాను."

"ఒరేయ్ మేజర్, వాసన చూడరా. వెతుకు!"

మేజర్ నేలంతా వాసన చూసి, నీడ చూసుకుని పడుకున్నాడు. ఇంజనీరు గారి బంగళా పెంపకం.

పొద్దుట్నించి పాప పాలు తప్ప ఏమీ ముట్టలేదు. ఈ పూటా తినకపోతే రేపు ముల్లు ఎక్కడ ఆగుతుందో! దీవెనని అప్పాయమ్మ గారి అరుగు మీద కూర్చోబెట్టి, గిన్నె పక్కన పెట్టి, నేను కూడా కిటికీ చువ్వల్లోంచి, తూము దగ్గర, రేకు కింద, కనిపించిన ప్రతి సందులో తల దూర్చాను. "మ్యావ్ మ్యావ్" అని కూడా అరిచాను. ఎవరూ నవ్వలేదు. అందరూ అదే పనిలో ఉన్నారు మరి.

ఎంతసేపయిందో, పాప గుర్తొచ్చి ఉలిక్కిపడి వెనక్కి తిరిగాను.

దీవెన గిన్నె ఒళ్లోకి లాక్కుంది. అయిదు వేళ్లూ పప్పన్నంలో ముంచి నోట్లో పెట్టుకుంటోంది. బుగ్గల మీద, ముక్కు మీద, గౌను మీద మెతుకులు. గిన్నెలో సగం లేదు. పిల్లి లేదు. మేజర్ నిద్రపోతున్నాడు. ఆ పిల్ల నోటికేసి చూసేవాళ్లు చుట్టుపక్కల ఎవరూ లేరు.

పరుగెత్తి వెళ్లబోయి ఆగిపోయాను. ఇన్నాళ్లూ ఆ పిల్లి ఏం చేసిందో అప్పుడు తెలిసింది. ఏమీ చేయలేదు. మా ఇంట్లో దీవెన నోటికేసి చూడనిది అదొక్కటే. మేమేమో ఇంటిల్లిపాదీ, కుక్కతో సహా, ఆ ఇంత నోటి మీద పడి ఉన్నాం. అందరికంటే ముందు నేను.

తల తిప్పేసుకున్నాను. అంత కష్టమైన పని నేను ఈ మధ్య చేయలేదు.

"దొరికిందా అమ్మాయ్?" స్టూలు మీంచి మావయ్య గారు అరిచారు.

"ఇంకా లేదండి. ఆ పక్క కూడా చూడండి" అన్నాను. ఇంకా సగం గిన్నె ఉంది.

అరవై నాలుగేళ్ల మనిషి పాపం ఆ పక్క కూడా చూశారు. గిన్నె ఖాళీ అయ్యేదాకా చూస్తూనే ఉన్నారు.

మర్నాడు తూకం. ఎనిమిది కిలోల రెండు వందలు. హేమశ్రీ గారు చుక్క పెట్టి గీత కలిపారు. పచ్చలోకి పోలేదు గానీ, మూడు నెలలుగా పడుకున్న గీత తల పైకెత్తింది. "రాజమండ్రి అక్కర్లేదమ్మా. ఇలాగే కానివ్వు" అన్నారు. నేను చార్టు మీద ఆ చుక్కని వేలితో తాకి చూశాను.

"ఏం పెట్టారేంటండీ?" అని అత్తయ్య గారినీ మావయ్య గారినీ అడిగారు.

"నేను చెప్పినట్టు నెయ్యి ఎక్కువ వేయించానండి" అన్నారు అత్తయ్య గారు. ఫోన్ చేస్తే ఫిన్నీ "టానిక్కు పనిచేసిందన్నమాట" అన్నారు. ఆ సీసా సీలు ఇంకా తీయలేదు. మావయ్య గారు "మేజర్ ఎదురుగా కూర్చునేవాడండి" అన్నారు. పిల్లి పేరు ఒక్కరు ఎత్తితే ఒట్టు. నేనూ ఎత్తలేదు.

అత్తయ్య గారు పాపని ఎత్తుకుని ముందు వెళ్లిపోయారు. నేనూ మావయ్య గారూ వెనక నడుస్తున్నాం. వీధి మలుపులో ఆ బూడిదరంగు పిల్లి, నోట్లో ఒక పిల్లని కరుచుకుని, సరిగ్గా ఆయన కాళ్ల ముందు నించి దాటబోయి ఆగింది. మావయ్య గారు ఆగారు. వంగి చెప్పు పట్టీ పట్టుకున్నారు. మనిషి మారడులే అనుకున్నాను.

ఆయన రెండో చెయ్యి చొక్కా జేబులోకి వెళ్లింది. కాగితం పొట్లం విప్పి, నెత్తళ్లు నాలుగు నేల మీద పెట్టి జరిపారు. పిల్లి తన పిల్లని దించి ముందుకొచ్చింది. నేను చూస్తుంటే ఆయన నా భుజం పట్టుకుని అటు తిప్పేశారు.

"తినేవాళ్లకేసి చూడకూడదమ్మా" అన్నారు గుసగుసగా. నిన్న స్టూలు మీంచి ఆయనకి ఏం కనపడిందో నేను అడగలేదు. "ట్రంకుపెట్టె మూత తీసే ఉందా?"

"ఉందండి."

"ఏడో ఇల్లు ఎవరిదో ఏంటో. మేజర్ దగ్గర మాత్రం అనకు."

ఇద్దరం గోడకేసి తిరిగి నిలబడ్డాం. అటుగా సైకిల్ మీద వెళ్తున్నాయన వేగం తగ్గించి, "ఏంటండి చిట్టియ్య గారూ, ఆగిపోయారు?" అని అడిగాడు.

"చెప్పు పట్టీ అండి" అన్నారు మావయ్య గారు. "సరిపడట్లేదు."

వెనక నించి ముళ్లు నమిలే చప్పుడు ఇంకా వినిపిస్తూనే ఉంది.