నలభై రూపాయలు మిగిల్చిన అవకాడో కత్తి

నేను ఒక అవకాడో కత్తిని. కంగారు పడకండి, అవకాడో అంటే ఏమిటో నాకూ తెలియదు. నా అట్ట మీద దాని బొమ్మ మాత్రం ఉండేది. ఆకుపచ్చగా, లావుగా, నడుమ పెద్ద పిక్కతో, కాస్త సోకు చేసుకున్న సొరకాయలా ఉండేది. నేను పుట్టి మూడేళ్లయింది. ఇంతవరకు మేమిద్దరం ఎదురుపడలేదు.

నా ఒంటికి మూడు భాగాలున్నాయి. ఒక కొసన ప్లాస్టిక్ రంపం, నడుమ పళ్లున్న గుండ్రటి కంత, రెండో కొసన విసనకర్రలా పరుచుకున్న సన్నటి పలకలు. కోయడానికొకటి, పిక్క పీకడానికొకటి, ముక్కలు చేయడానికొకటి. ఎక్కడో పండే పండు కోసం ఇంత హంగామా చేసిన మనుషులు ఇంటి పెరట్లో మామిడిపండుని మాత్రం ముంజేతి దాకా రసం కారుతుండగా చీకేస్తారు.

ఒక పట్టణం శివార్లలో రేకుల షెడ్డులో, నిమిషానికి పన్నెండు మంది చొప్పున మేం పుట్టాం. జాతకం రాసినవాళ్లు లేరు, బార్‌కోడ్ అంటించారు. అక్కడినుంచి ఒక పెద్ద గోదాములో పడ్డాను. నాకు ఒక పక్క చేపల తొట్టిలో వేసే రంగు రాళ్లు, మరో పక్క కుక్కపిల్లల మెడకి కట్టే టైలు. మమ్మల్ని కావాలని కొనేవాళ్లు లోకంలో ఎవరూ లేరు. అయినా మాకు దిగులు లేదు. ఫోనులో ఒక గీత ఉంటుంది. నాలుగు వందల తొంభై తొమ్మిదికి చేరితే డెలివరీ ఉచితం, చేరకపోతే నలభై రూపాయలు. ఆ గీతకి ఇవతల ఆగిపోయినవాళ్లని అవతలికి చేర్చడానికే మేం ఉన్నాం. గోదావరి మీద పంటు లాంటివాళ్లమనుకోండి. పంటు మీద ప్రేమతో పంటెక్కేవాడు ఉండడు కదా!

రెండేళ్లకి నా రేవు వచ్చింది. దాని పేరు జీడిపాలెం.

ఆ ఊళ్లో నూకరత్నం అనే ఆవిడ జీడిపప్పు ఫ్యాక్టరీలో పిక్కలు కొడుతుంది. ఆవిడ కూతురు సింధూజ తొమ్మిదో తరగతి. ఆ పిల్ల ఇంట్లో ఉందో లేదో తెలియాలంటే గుమ్మంలో చెప్పులు చూడాలి, అంత తక్కువ మాట్లాడుతుంది. మాట్లాడ్డానికే సిగ్గు, పరిగెత్తడానికి కాదు. ఎనిమిది వందల మీటర్ల పందెంలో బడి మొత్తానికి మొదటిది. పోయినేడు మండలం పోటీల్లో ఒట్టి కాళ్లతో పరిగెత్తి, కంకర గుచ్చుకుని కాలు తెగి, కుంటుతూ నాలుగోదై వచ్చింది. ఈసారి బూట్లు లేనివాళ్లని గీత దగ్గరే ఆపేస్తామని వ్యాయామం మాస్టారు ముందే చెప్పారు. పోటీ శనివారం పొద్దున్న.

ఇన్నేళ్లూ ఆ పిల్ల కాళ్లకి ఏం కావాలన్నా ఊరి సెంటర్లో చక్రరావు కొట్టులోనే కొన్నారు. ఆయన దగ్గరైతే బూట్లు అయిదు వందల ఇరవై దాకా పడతాయని నూకరత్నం అంచనా. ఫోనులో నాలుగు వందల యాభై తొమ్మిదే. దానికి తోడు ఆ నలభై.

"నలభై రూపాయలు దండగెందుకే? మనూరు ఆ డెలివరీవాడి దారిలోనే కదా!" అంది నూకరత్నం.

"ఇంకో నలభైకి ఏదైనా కొంటే ఫ్రీ అంటమ్మా," అని సింధూజ గొణిగింది.

"అయితే కొనెయ్. అన్నిట్లోకీ చవగ్గా ఉన్నదేదో కొను."

అన్నిట్లోకీ చవగ్గా ఉన్నదాన్ని నేనే. నలభై తొమ్మిది. నలభై మిగల్చడానికి నలభై తొమ్మిది పెట్టారు. నేను బడికి వెళ్లినదాన్ని కాదు కాబట్టి ఈ లెక్క మీకే వదిలేస్తున్నాను.

"నెంబరెంత పెట్టను?" అని పిల్ల అడిగింది.

"చక్రరావన్నయ్య ఎప్పుడూ ఆరే ఇస్తాడు. ఎదిగే కాలు, ఏడు పెట్టు."

అలా బూట్లూ నేనూ ఒకే డబ్బాలో, ముక్కూ ముక్కూ రాసుకుంటూ బయల్దేరాం. గురువారం సాయంత్రం డెలివరీ ఆయన మమ్మల్ని సెంటర్లో దించేశాడు. సందుల్లోకి రావడం ఆయనకి ఓపిక లేని పని. ఊరందరి డబ్బాలూ చక్రరావు కొట్టులో పడేసి ఫోన్లు చేస్తాడు. తన గిరాకీని ఎత్తుకుపోయిన డబ్బాల్ని తానే దుమ్ము దులిపి భద్రంగా దాచే కొట్టువాణ్ణి మీరెక్కడైనా చూశారా? నేను చూశాను. భుజం మీద తువ్వాలు, ముక్కు మీద కళ్లజోడు, నోట్లో వక్కపలుకు.

నూకరత్నం కొంగు తల మీదికి లాక్కుని వచ్చింది, ఆవిణ్ణి ఆ ఊళ్లో ఎవరూ గుర్తుపట్టరన్నట్టు.

"ఏం తెప్పించావు రత్నం?" అన్నాడు చక్రరావు డబ్బా అందిస్తూ.

"ఏవీ లేదన్నయ్యా. జాకెట్ ముక్క."

ఆయన డబ్బాని ఒకసారి నొక్కి చూశాడు. "జాకెట్ ముక్కకి మడమలున్నాయేంటమ్మా?"

ఆవిడ మమ్మల్ని చంకన పెట్టుకుని, కూతురి కంటే జోరుగా ఇంటికి పరిగెత్తింది.

డబ్బా విప్పారు. సింధూజ బూట్లలో కాళ్లు పెట్టింది. కాళ్లు వెళ్లాయి, వెళ్తూనే ఉన్నాయి.

"ఇవి బూట్లా, కోళ్లు కప్పెట్టే గంపలా?" అంది సింధూజ నాన్నమ్మ మంచం మీంచి.

ముందర గుడ్డపీలికలు కుక్కి చూశారు. పిల్ల సందు చివరిదాకా పరిగెత్తి, ఒక బూటు కాలికీ ఒకటి చేతికీ వేసుకుని తిరిగొచ్చింది. "మోసగాళ్లు! ఏడంటే పదకొండు పంపారు," అని నూకరత్నం ఫోనుని తిట్టింది. వాపసు ఇద్దామని చూస్తే, తీసుకోవడానికి అయిదు రోజులకి వస్తారట. పైగా బూట్లు పోతే ఆర్డరు గీతకి ఇవతల పడుతుంది కాబట్టి డెలివరీ ఛార్జీ నలభై పట్టుకుంటారట. నన్నయితే అసలు వాపసే తీసుకోరట. ఆ ముక్క చదివినప్పుడు నాకు కొంచెం గర్వంగా కూడా అనిపించింది.

ఈ గొడవలో నన్ను పట్టించుకున్నది నాన్నమ్మ ఒక్కతే. అటూ ఇటూ తిప్పి చూసి, రంపం వైపు వీపుకి ఆనించి, రెండుసార్లు గీరి, కళ్లు మూసుకుంది. "ఆహా. దీనికి మాత్రం డబ్బులివ్వచ్చే," అంది. అది నా మొదటి ఉద్యోగం.

శుక్రవారం పొద్దున్న నూకరత్నం ఫ్యాక్టరీకి పోతూ, "వాపసు డబ్బా చక్రరావు కొట్లో ఇచ్చిరా. అలాగే బూట్లేవైనా ఉన్నాయేమో అడుగు. నాకు మొహం చెల్లదు," అని కూతురితో అంది. మొహం చెల్లనివాళ్లు నోరు పెగలనివాళ్లని పంపడం మనుషుల పద్ధతి. సిగ్గుపడేవాళ్ల చేతికి ఏదో ఒకటి కావాలి, ఆ పూటకి నేను దొరికాను. దారి పొడుగునా నన్ను తిప్పుతూనే ఉంది.

కొట్టు ముందు చాలాసేపు నిలబడింది. చక్రరావు ఒకరికి చింతపండు కట్టాడు, ఇంకొకరికి కొబ్బరినూనె ఇచ్చాడు, ఆ తర్వాత కళ్లజోడు పైనుంచి చూశాడు.

"ఏం కోడలా, మౌనవ్రతమా?"

పిల్ల డబ్బా బల్ల మీద పెట్టింది. ఆయన బూటు పైకి తీసి చెవి దగ్గర పెట్టుకుని, "హలో," అన్నాడు. "ఇవెవరికే? మీ నాన్నక్కూడా పెద్దవే!"

"నాకే మావయ్య గారూ. ఏడు. మీరెప్పుడూ ఆరిచ్చేవారు కదా, అమ్మ ఒకటి పెంచింది."

చక్రరావు పిల్ల కాళ్ల వైపు వంగి చూశాడు. తర్వాత నవ్వు మొదలై, వక్క గొంతుకి అడ్డంపడి, తువ్వాలుతో కళ్లు తుడుచుకునేదాకా వెళ్లింది. చుట్టూ చూసి ఎవరూ లేరని నిర్ధారించుకుని గొంతు తగ్గించాడు.

"నీది నాలుగే. నేనెప్పుడిచ్చానే ఆరు? ఈ ఊళ్లో తల్లులందరూ ఒకటీ రెండూ పెంచే అడుగుతారు. వాళ్లడిగిన నెంబరు నోటితో అంటాను, కాలికి పట్టింది చేతికిస్తాను. తువ్వాలుతో దులుపుతా కదా, ఆ దులపడంలో అడుగునున్న నెంబరు స్టిక్కరు లేచిపోద్ది. చిన్నప్పట్నించీ నువ్వు తూలిపడకుండా నడిచావంటే ఎవరి చలవనుకున్నావ్? మీ అమ్మతో అనకేం!"

నాకు అప్పుడు అర్థమైంది. ఫోను ఎంత తెలివైనదైనా, మనుషులు చెప్పింది నమ్మేస్తుంది. చక్రరావుకి ఆ జబ్బు లేదు.

"మరి నాలుగు ఉన్నాయా మావయ్య గారూ?"

ఆయన నవ్వు ఆగిపోయింది. వెనక ఉన్న అర చూపించాడు. దాన్నిండా ఊళ్లోవాళ్ల డబ్బాలు.

"అది బూట్ల అరేనమ్మా. తెచ్చినవి తెచ్చినట్టే ఉండిపోతుంటే పోయినేడు మానేశాను."

సింధూజ నన్ను తిప్పడం ఆపింది. గట్టిగా పట్టుకుంది, నా పలక ఒకటి వంగింది కూడా. అప్పుడు ఆ పిల్ల బల్ల వైపు చూస్తూ, నేను విన్నంతలో తన అతి పెద్ద ఉపన్యాసం ఇచ్చింది.

"పోయినేడు కాలు తెగినా నాలుగోదాన్నొచ్చాను మావయ్య గారూ. రేపు అసలు పరిగెత్తనివ్వరు."

చక్రరావు బల్ల దాటి ఇవతలికి వచ్చాడు. చీపురులోంచి ఒక పుల్ల లాగి, "కాలు పెట్టు," అన్నాడు. మడమ నుంచి బొటనవేలి దాకా కొలిచి, అక్కడికి తుంచి, జేబులో పెట్టుకున్నాడు. పట్టపగలు కొట్టు షట్టరు దించి, పాత మోపెడ్ మీద పట్నం వైపు పోయాడు. ఎదురుగా టీ కొట్టులో ఇద్దరు లేచి నిలబడ్డారు, ఎవరైనా పోయారేమోనని.

దీపాలు పెట్టే వేళకి ఆయన మా గుమ్మంలోకి వచ్చాడు. కొత్త బూట్లని తువ్వాలుతో అటూ ఇటూ దులిపి ఇచ్చాడు. పిల్ల వేసుకుని వాకిట్లో రెండు గెంతులు గెంతింది. చర్మంలా అతుక్కున్నాయి.

"ఎంత నెంబరన్నయ్యా?" అంది నూకరత్నం.

"ఆరు," అన్నాడు రెప్ప వేయకుండా.

"చూశావా అత్తా, కొట్లో ఆరంటే ఆరే! ఆ ఫోనోడే మోసగాడు!"

సింధూజ వంగి లేసులు కట్టుకోవడంలో మునిగిపోయింది. కట్టిన లేసులే మళ్లీ కట్టింది.

"అయిదొందల ఇరవయ్యమ్మా. డెలివరీ ఛార్జీ నలభై."

"డెలివరీయా? నువ్వు కూడానా అన్నయ్యా!"

"గుమ్మంలోకి తెచ్చిచ్చాను కదమ్మా. ఫోనోడు సెంటరు దాకా తెచ్చి పడేస్తే వాడికి దణ్ణం పెడతారు. నేను పట్నం దాకా పోయొచ్చాను."

"అయిదొందలు దాటింది కదా, ఫ్రీ కాదూ?"

"నా కొట్లో ఆ గీత లేదు."

నూకరత్నం పోపుల డబ్బా వెతికింది, దేవుడి పటం వెనక వెతికింది. అయిదు వందల ఇరవై తేలింది. నలభై తేలలేదు. అప్పుడు ఆవిడ చూపు అత్తగారి వీపు మీద, అక్కడ విధి నిర్వహణలో ఉన్న నా మీద పడింది. ఒక్క లాగు లాగింది. "అయ్యో, ఇంకా గోకలేదే!" అని నాన్నమ్మ అరుస్తూనే ఉంది.

"ఇదిగో అన్నయ్యా, కొత్తదే. నలభై తొమ్మిది పెట్టి కొన్నాం. మిగతా తొమ్మిదీ ఉంచుకో."

డెలివరీ ఛార్జీ తప్పించడానికి ఈ ఇంటికి వచ్చినదాన్ని, డెలివరీ ఛార్జీనై ఈ ఇంట్లోంచి వెళ్లాను. గోదాములో మావాళ్లకి ఈ సంగతి చెబితే నమ్మరు.

చక్రరావు నన్ను కొట్టులో మేకుకి వేలాడదీశాడు. అందుకే పందెం నేను చూడలేదు. శనివారం మధ్యాహ్నం సింధూజ బూట్లు చేత్తో పట్టుకుని, మాసిపోతాయని కాబోలు, ఒట్టి కాళ్లతో కొట్టు ముందుకి వచ్చింది. రెండు వేళ్లు చూపించింది.

"రెండోదా! మరి మొదటిది?"

"ఆ పిల్ల కాళ్లు పొడుగు మావయ్య గారూ."

"దానికి ఎవరో సరైన నెంబరే ఇచ్చుంటార్లే," అని ఆయన సీసాలోంచి పల్లీ చిక్కీ తీసిచ్చాడు. డబ్బులు తీసుకోలేదు. ఇంటికి తెచ్చివ్వలేదు కదా, అందుకేమో.

నా మీద నలభై రూపాయల చీటీ అంటించాడు. నన్ను ఎవరూ కొనలేదు. ఇది దేనికని అడిగినవాళ్లకి ఆయన రోజుకో మాట చెప్పేవాడు. ఒకరికి చేప పొలుసు తీయడానికి, ఒకరికి దువ్వెన, బేరమాడేవాళ్లకి నాలుక గీసుకోవడానికి. వేసవిలో ఎవరో తాటికాయలు తెచ్చిపెడితే నా విసనకర్ర వైపు లోపలికి దూర్చి ముంజని చిట్లకుండా పైకి లేపాడు. దాని నీళ్లు చల్లగా నా పలకల మీంచి కారాయి. అవకాడో సంగతి ఆరోజుతో మర్చిపోయాను.

జూన్ వచ్చింది. ఇప్పుడు వెనక అరలో ఆరు జతల బూట్లున్నాయి. డబ్బాలు నేల మీదికి దిగాయి. నూకరత్నం కొంగు తల మీదికి లాక్కోకుండానే కూతుర్ని తీసుకుని వచ్చింది.

"ఎదిగే కాలన్నయ్యా. ఎనిమిది ఇయ్యి."

"ఎనిమిదే అమ్మా," అని చక్రరావు ఒక జత తీసి తువ్వాలుతో దులిపాడు. సింధూజ తల వంచుకుంది, భుజాలు మాత్రం కదులుతున్నాయి. లేచిన స్టిక్కరు పంకా గాలికి తేలివచ్చి నా మీద అతుక్కుంది. చూసుకున్నాను. అయిదు.

"అదేంటన్నయ్యా, దాని మీదేదో పడింది?" అని నూకరత్నం తలెత్తింది.

సరిగ్గా అప్పుడే నేను మేకు మీద గిర్రున గోడవైపు తిరిగాను. గాలికే తిరిగానని మీరనుకుంటే నాకు అభ్యంతరం లేదు.