కోడలి ఒంటి మీది పువ్వు

తిరుమలలో ఒక మఠం పూలశాలకు అమృతవల్లి, ఆమె కోడలు కోమలవల్లి తెల్లవారేసరికే వెళ్ళాలి. స్నానం చేసి, ముక్కుకూ నోటికీ గుడ్డ కట్టుకుని, మాలలు కట్టడానికి పూలగంపల ముందు కూర్చుంటారు. కొండ మీద ఆడవాళ్ళు తలలో పువ్వు పెట్టుకోరు, పూలన్నీ స్వామివే. ఆయనకంటే ముందు వాసన చూడటమంటే ఎంగిలి చేయడమే. అందుకే ఆ గుడ్డ.

ఎమర్జెన్సీ ఎత్తేసిన మరుసటేడు కోమలవల్లి సత్యవేడు నుంచి కాపురానికి వచ్చింది. ఆ పిల్లకు పుట్టుకతో ఒక గుణం ఉంది. ఏ పువ్వు పుప్పొడి పడకపోతే ఆ పువ్వే ఒంటి మీద దద్దురుగా లేస్తుంది. చిన్నప్పుడు వేపపూత కాలంలో మెడంతా వేపపూలే. పెళ్ళిచూపుల్లోనే ఆ సంగతి చెప్పారు. అమృతవల్లి "అదెంత లే" అని కాఫీ తాగింది.

వానలు పోయాక కోమలవల్లికి తుమ్ములు మొదలయ్యాయి, తరవాత ఆయాసం. చెంపల మీద, గడ్డం కింద పూలు లేచి, ఒకదాంట్లో ఒకటి కలిసిపోయాయి.

"చామంతే," అని తేల్చేసింది అమృతవల్లి. "గుడ్డ దించి వాసన చూసినావా?"

"లేదత్తా. ఆ స్వామే సాక్షి."

"చూడకుండా పొడి లోపలికి ఎట్ల పోతాది?"

మొగుడు ముకుందం ఆమెను దిగువ తిరుపతిలో డాక్టరుకు చూపించాడు. "అచ్చు బాగానే పడింది, కొంచెం అలుక్కుపోయింది," అన్నాడాయన. పుప్పొడిలో ఉండే పదార్థాలు తగలగానే రక్తంలోని కావలి కణాలు దొంగ వచ్చాడని ఒళ్ళంతా లేపుతాయట. ఒకసారి పగబడితే మరిచిపోవట. ఏ పువ్వో తెలుసుకుని దూరం పెట్టమన్నాడు.

స్వామి పువ్వుకు పగ ఏమిటి? పూలశాల పెద్ద సారంగపాణి, వరసకు అమృతవల్లికి బావగారు, ఒకే మాట అన్నాడు. వాసన చూసిన పిల్ల పూలు ముట్టరాదు, పూలు ముట్టరాని మనిషి పూలవాళ్ళ ఇంట్లో ఉండరాదు, పుట్టింటికి పంపేయండి. ముకుందం అటక మీది పెట్టె దించి పెళ్ళాం ముందు పెట్టాడు. నాకు ఇప్పటికీ వాడి మీదే కోపం.

ప్రయాణం నాడు అత్తే కోడలి మొహానికి కొబ్బరినూనె రాసింది. పంపేస్తున్నా, పిల్లను ఆ మొహంతో పంపడానికి మనసొప్పలేదు. పూలశాల మానేశాక వాపు తగ్గి, ఒక్కో పువ్వూ విడిగా కనబడుతోంది. అమృతవల్లి వేలు ఆగిపోయింది. చామంతికి రేకులు ఒత్తుగా ఉంటాయి. దీనికి అయిదే. మెంతిగింజంత తెల్లపువ్వు.

"ఇది స్వామి పువ్వు కాదే. పెరట్లో పిచ్చిమొక్క, వయ్యారిభామ."

"అది మన గంపల్లో యాడుండాది అత్తా?"

అమృతవల్లి నూనెగిన్నె కింద పెట్టి పెరటి వైపు చూసింది. తన ముక్కుగుడ్డ ఆరేసుకోవడానికి దేవుడి గదిలో తాడుంది. కొత్తకోడలికి దాని మీద చోటివ్వలేదు. దండెం మీద వేస్తే మైల పడుతుందని, ఇంటి వెనక ఎవరూ తొక్కని చోట ఆ పొదల మీద ఆరేయించింది తనే. పొడి పట్టిన ఆ గుడ్డనే పిల్ల రోజూ భక్తిగా ముక్కుకు బిగించుకుంది.

అమృతవల్లి నూనె చేతులు తుడుచుకుంది. కొంగు దోపుకుని పెరట్లోకి పోయి, పొదలన్నీ వట్టి చేతులతో పీకింది. పీకుతూ ఏడ్చింది. పని అయ్యేసరికి మోచేతుల దాకా తెల్లపూలు లేచాయి. కోడలి గుణం అత్తకెట్లా వచ్చిందని ఎవరూ అడగలేదు.

ఆ చేతులు తీసుకుపోయి సారంగపాణి ముందు చాచింది.

"బావగారూ, పిల్ల వాసన చూడలేదు. దాని గుడ్డ ఈ వయ్యారిభామ పొదల మీద ఆరేయించింది నేను. పంపేదుంటే నన్ను పంపండి."

పెద్దాయన వంగి ఆ పూల రేకులు లెక్కపెట్టాడు. "పిల్లను రమ్మను," అన్నాడు.

కోమలవల్లి వచ్చి గంప ముందు కూర్చుంది. అత్త కూడా కూర్చుంది కానీ, వాచిన వేళ్ళు మడవలేక దారం జారిపోతోంది.

"మీ వంతు కూడా నేనే కడతాలే అత్తా. ఊరికే కూర్చోండి," అంది కోమలవల్లి.

ఆ రోజు ఆ ఇంటి తరఫున స్వామికి పోయిన రెండు మాలలూ కోడలు కట్టినవే.