రెండో రిమోట్

మా అమ్మ వెంకటరావమ్మకి ఏ మెషీనూ అచ్చిరాదు. మిక్సీ ముట్టుకుంటే ఫ్యూజు పోతుంది. సెల్‌ఫోను తలకిందులుగా పట్టుకుని, అవతలివాళ్ళు మాట్లాడటం లేదని వాళ్ళనే తిడుతుంది. అటువంటి మనిషి ఒక వీడియో గేమ్ డబ్బాని ఇన్నేళ్ళూ బీరువాలో పట్టుచీరల కింద దాచిందని మొన్న ఇల్లు మారినప్పుడే నాకు తెలిసింది.

భవానీపురంలో అద్దె ఇల్లు ఖాళీ చేయించి ఆవిణ్ణి పటమటలో నా దగ్గరకు తెచ్చుకున్నాను. నా పెళ్ళి ఏనాడో పెటాకులైంది కాబట్టి ఇంట్లో మేమిద్దరమే. కింద నా మ్యాచింగ్ సెంటర్, పైన ఇల్లు. జాకెట్ ముక్కలూ, ఫాల్సులూ, లైనింగు గుడ్డలూ అమ్ముకుంటాను. శ్రీదుర్గకి నోరెక్కువ అని బజారంతా అంటుంది. అనుకోనీ, నోరు లేకపోతే ఈ వ్యాపారంలో ఒక్కరోజు బతకలేం.

చీరల కింద నుంచి బయటపడ్డ ఆ డబ్బా ఎరుపూ తెలుపూ ప్లాస్టిక్‌ది. రెండు రిమోట్లు, ఒక పసుపు క్యాసెట్ ఉన్నాయి. మా తమ్ముడు హరిబాబుది.

"పాత సామాన్లవాడికి వేసెయ్యమ్మా" అన్నాను.

"నన్నూ వేసెయ్యవే, ఒక పనైపోతుంది" అంది అమ్మ. తర్వాత కాస్త తగ్గి, "బాగు చేయించు దుర్గా. ఒక్కసారి చూస్తాను" అంది.

హరి పన్నెండో ఏట కృష్ణలో పోయాడు. ఆ రోజు అమ్మ రేవులో బట్టలు జాడిస్తోంది. నీళ్ళలో కొట్టుకుపోతున్న చెప్పు కోసం వాడు లోపలికి దిగాడు. "ఆగు నాన్నా" అని అమ్మ అరిచింది. ఎదురుగాలి, పైన హైవే మీద లారీల మోత. వాడు వెనక్కి తిరగలేదు. ఇన్నేళ్ళలో అమ్మ దేవుణ్ణి తిట్టలేదు, నదిని తిట్టలేదు. "నా గొంతు సరిపోలేదే" అంటుంది, అంతే. ఆ మాట విన్నప్పుడల్లా నాకు ఒళ్ళు మండుతుంది. ఏడుపు వచ్చే చోట నాకు కోపం వస్తుంది, ఏం చెయ్యను.

మా వీధి చివర ఆసిమ్ అనే కుర్రాడు ఇటువంటి పాత టీవీ గేములే బాగు చేస్తాడు. షాపు నిండా అవే. గుడివాడ నుంచీ తెనాలి నుంచీ జుట్టు నెరిసిన మగాళ్ళు వచ్చి, అతని బల్ల ముందు కూర్చుని ఒక ఆట ఆడి, కళ్ళు తుడుచుకుంటూ వెళ్తారట. ఫోన్లో వెయ్యి ఆటలుండగా ఇదేం పిచ్చి అని అడిగాను.

"ఫోన్లో ఒక్కడే ఆడుకోవచ్చక్కా. దీనికి పక్కన ఇంకో మనిషి కూర్చోవాలి. వాళ్ళకి కావల్సింది ఆ పక్కన మనిషి" అన్నాడు, స్క్రూలు విప్పుతూ. "దీని అసలు తల్లి ఎనభైల్లో జపాన్లో పుట్టిందండీ. మన ఇళ్ళకొచ్చినవన్నీ నకళ్ళే. ఎక్కడెక్కడో తయారై, మద్రాసు బర్మా బజార్లో దిగి, అక్కణ్ణించి సంచుల్లో బెజవాడ వచ్చేవి."

రెండో రిమోట్ చేతికి తీసుకుని, దాని మీదున్న సన్నటి బొక్కల వరస చూపించాడు.

"మొదటి రిమోట్‌కి స్టార్ట్ బటన్ ఉంది, దీనికి లేదు చూశారా. అసలుదాంట్లో ఈ చోట మైకు ఉండేది. రెండోవాడు మాట్లాడితే టీవీలో వినపడేది. నకలు కొట్టినవాళ్ళు బొక్కలు మాత్రం పెట్టి ఊరుకున్నారు. లోపల ఏం లేదు." రిమోట్ విప్పి చూపించాడు. నిజమే, బొక్కల వెనక ఒట్టి ప్లాస్టిక్. ఒక్క తీగ కూడా లేదు.

హరికి ఎప్పుడూ ఆ రెండో రిమోటే దక్కేది, నేను పెద్దదాన్ని కదా. వాడు ఆ బొక్కలకి మూతి ఆనించి "హలో హలో, మైక్ టెస్టింగ్" అని ఇల్లు ఎగరగొట్టేవాడు.

ఆదివారం మధ్యాహ్నం డబ్బా టీవీకి తగిలించాను. ఆటకి ఇంగ్లీషులో ఏదో పేరుంది గానీ, మేం టోపీవాడు అనే అనేవాళ్ళం. ఒక బుల్లి మనిషి కుడివైపు నడుచుకుంటూ పోతాడు, కాలవలొస్తే దూకుతాడు. మొదటి రిమోట్‌వాడిది ఎర్ర టోపీ, రెండోవాడిది పచ్చ టోపీ. ఇద్దరూ ఒకేసారి రారు. ఒకడు నీళ్ళలో పడితేనే రెండోవాడికి ఛాన్స్. హరి పెట్టిన రూలు ఇంకొకటుంది. ఒకడి ఛాన్స్ నడుస్తుండగా డబ్బా ఆపకూడదు. ఆపితే ఆ మనిషి లోపలే ఉండిపోతాడని వాడి నమ్మకం. కరెంటు పోతే ఎవరు లోపలుండిపోయారా అని వెక్కి వెక్కి ఏడ్చేవాడు. మేమూ వాడి మాట కాదనలేక అలాగే పాటించేవాళ్ళం.

నేను ఆట మరిచిపోయాను. రెండో కాలవలోనే పడ్డాను. అమ్మ నవ్వింది. తెర నల్లబడి, పచ్చ టోపీవాడు వచ్చి నిలబడ్డాడు. రెండో రిమోట్ చాప మీద ఉంది. దాన్ని ఎవరూ ముట్టుకోలేదు.

పచ్చ టోపీవాడు నడిచాడు.

బటన్ ఇరుక్కుపోయి ఉంటుందని రిమోట్ తీసి దులిపాను. వాడు ఆగలేదు. డబ్బా నుంచి రిమోట్ పిన్ను ఊడబెరికాను. అయినా నడుస్తూనే ఉన్నాడు, మొదటి కాలవ దాటాడు, రెండోదాని వైపు వేగంగా పోతున్నాడు. హరి ఎప్పుడూ అక్కడే పడిపోయేవాడు.

అమ్మ నా చేతిలోంచి రిమోట్ లాక్కుంది. జన్మలో ప్లగ్గు పెట్టడం రాని మనిషి, పిన్నుని డబ్బాలో సరిగ్గా దూర్చింది. బొక్కలు పెదాలకి ఆనించుకుని, అరవకుండా, మెల్లగా అంది.

"ఆగు నాన్నా."

పచ్చ టోపీవాడు నీళ్ళ అంచున ఆగాడు.

అమ్మ నా వైపు తిరిగి, పరీక్షలో మొదటి మార్కు తెచ్చుకున్న పిల్లలా చూసింది. "విన్నాడే" అంది.

ఆ తర్వాత అమ్మ ఆ చాప మీద నుంచి లేవలేదంటే నమ్మండి. కాలకృత్యాలకి లేస్తే నన్ను కూర్చోబెట్టి వెళ్ళేది. రోజంతా ఆ బొక్కల్లో కబుర్లు చెప్పేది. నాన్న పోయిన సంగతి, నా పెళ్ళి చెడిన సంగతి, కృష్ణకి రెండుసార్లు పుష్కరాలొచ్చి వెళ్ళిన సంగతి. మధ్యమధ్య "అక్కడే ఉండు" అనేది. వాడు అక్కడే ఉండేవాడు. కరెంటు పోతుందేమోనని పోరుపెట్టి నా చేత ఇన్వర్టర్ కొనిపించింది.

అసలే షుగర్ మనిషి. ఇన్సులిన్ నేను బలవంతంగా వేసినా, ఆ పైన నాలుగు మెతుకులు కూడా తినదు. కాళ్ళు వాచాయి. "నేను పడుకుంటే వాడు దిగుతాడే" అని గోడకి ఆనుకుని కూర్చునేది. డాక్టరు గారు ఇంటికే వచ్చి చూసి, ఇలాగైతే మనిషి దక్కదు, ఆస్పత్రిలో చేర్చమన్నారు. చేయి పట్టుకుని లేపబోతే, ఎన్నడూ నా మీద చెయ్యి చేసుకోని అమ్మ నా ముంజేతి మీద రక్కింది.

ఆసిమ్‌ని పిలిపించాను. అతను తెర చూశాడు, రిమోట్ పిన్ను ఇలా లాగాడో లేదో పచ్చ టోపీవాడి కాలు ముందుకు పడింది. అమ్మ నోట్లోంచి వచ్చిన చప్పుడు నేను మళ్ళీ వినకూడదు. ఆసిమ్ గబగబా పిన్ను పెట్టేసి, పెదాల్లో ఏదో దువా చదువుకుంటూ లేచాడు.

"దాన్ని ఆపెయ్యండక్కా. కానీ నన్ను ఆపమనకండి" అన్నాడు. అతని స్క్రూడ్రైవర్ల సంచి మా హాల్లోనే ఉండిపోయింది.

ఆపడం ఎంతసేపు. గోడ మీద స్విచ్చి నా చేతికందే ఎత్తులోనే ఉంది. పది మందిని ఒక్క అరుపుతో దారికి తెచ్చే దాన్ని, ఆ స్విచ్చి దగ్గరికి వెళ్ళి వెనక్కి వచ్చేదాన్ని. లోపలుండిపోతాడన్న మాట పన్నెండేళ్ళ పిల్లాడిది. అయినా వాణ్ణి లోపల పెట్టి తలుపు వెయ్యడం నా వల్ల కాలేదు.

మర్నాడు మధ్యాహ్నం అమ్మ మాట ముద్దగా వచ్చింది. కళ్ళు మూతలు పడ్డాయి, ఒళ్ళంతా చెమట. నోట్లో పంచదార నీళ్ళు పోస్తే పెదాల పక్క నుంచి కారిపోయాయి. అంబులెన్సుకి ఫోను చేశాను. బెంజ్ సర్కిల్లో ట్రాఫిక్ ఆగిపోయింది, వస్తున్నాం అన్నారు. ఆవిడ ఒళ్ళో మొదటి రిమోట్ ఉంది, రెండోది పిడికిట్లో ఉంది. ఒక్కో వేలే విడదీసి ఆ రెండోదాన్ని తీసుకున్నాను. నాకున్నది ఆవిడొక్కర్తే. ఆ సంగతి నా నోటితో ఎప్పుడూ ఎవరికీ చెప్పలేదు, ఆ బొక్కలకి చెప్పాను.

"హరీ, నేన్రా, అక్కని. అమ్మ అయిపోతోందిరా. ఆవిడ పిలిస్తే నువ్వు ఆగావు. అదే కదా ఆవిడకి కావల్సింది, ఆగావు కదా. ఇంక చాలు నాన్నా. వెళ్ళు."

ఆ ఆటలో టోపీవాడు కుడివైపో ఎడమవైపో చూస్తాడు. ఆడేవాళ్ళ వైపు తిరగడానికి బటనే లేదు. వాడు తిరిగాడు. మా వైపు కాసేపు చూశాడు. తర్వాత, దూకకుండా, రేవు మెట్లు దిగినట్టు మెల్లగా నీళ్ళలోకి నడిచి వెళ్ళాడు. ఔటైనప్పుడు వచ్చే ఆ పిచ్చి సంగీతం వచ్చింది. తమ్ముణ్ణి నా నోటితో నేనే నీళ్ళలోకి పంపాను. చాప మీద కూలబడి ఏడ్చాను. ఏడుస్తూనే, పోనీలే, అమ్మ మిగిలింది అనుకున్నాను.

తెర నల్లబడింది. ఎర్ర టోపీవాడు వచ్చాడు.

వాడి ఛాన్స్ అయ్యాక మొదటి రిమోట్‌కి ఛాన్స్ అన్న సంగతి అప్పటిదాకా నాకు తట్టనే లేదు. మొదటి రిమోట్ అంటే చిన్నప్పటి నుంచీ నాదే కదా, నేను ముట్టుకోకపోతే వాడు కదలడు, ఇప్పుడు ఆపెయ్యవచ్చు అనుకుని స్విచ్చి వైపు లేచాను. ఎర్ర టోపీవాడు కదిలాడు.

ఇందాకటివాడిలా చలాకీగా కాదు. రెండు అడుగులు వేసి ఆగుతున్నాడు. మళ్ళీ రెండు అడుగులు. కుడికాలు కాస్త ఈడుస్తున్నాడు. మోకాలి నొప్పితో మా అమ్మ మెట్లెక్కే పద్ధతి అది. అమ్మ ఒళ్ళోకి చూశాను. మొదటి రిమోట్ మీద అమ్మ అరచెయ్యి వాలి ఉంది. వేళ్ళు కదలడం లేదు. ఒక ఊపిరికీ ఇంకో ఊపిరికీ మధ్య ఎడం పెరుగుతోంది. మొదటి కాలవని ఎర్ర టోపీవాడు ఎలాగో దాటేశాడు, రెండోది దగ్గర పడుతోంది.

రెండో రిమోట్ నోటికి ఆనించుకుని అరిచాను.

"ఆగమ్మా."

నీళ్ళ అంచున ఆగింది. నా పక్కన గట్టిగా ఊపిరి తీసిన చప్పుడైంది. అమ్మ కళ్ళు తెరిచి, చాలా మామూలుగా, "ఆకలేస్తోందే" అంది.

అంబులెన్సువాళ్ళు వచ్చి, షుగర్ చూసి, బాగానే ఉందే అని విసుక్కుని వెళ్ళారు. అమ్మ లేచి నడుస్తోంది, అన్నం తింటోంది. తను రాసిచ్చిన మందులు భలే పనిచేశాయని డాక్టరు గారు సంబరపడ్డారు. షాపులో ఇప్పుడు అమ్మే కూర్చుంటోంది. మెంతి రంగు అడిగితే పసుపు ఇచ్చి, పైగా వచ్చినవాళ్ళకి కంటిచూపు లేదని పోట్లాడుతోంది. పైకి వినపడుతుంటుంది.

నేను పైనే ఉంటున్నాను, చాప మీద. రెండో రిమోట్ నా చేతిలోనే ఉంటోంది. ఆసిమ్ ఒక కొత్త అడాప్టర్ తెచ్చి, లోపలికి రాకుండా గడప దగ్గర పెట్టి వెళ్ళాడు. కునుకు పట్టినప్పుడల్లా ఎర్ర టోపీ కొద్దిగా ముందుకి ఊగుతుంది. ఉలిక్కిపడి లేచి మళ్ళీ చెబుతాను.

ఇవాళ అమ్మ షాపు కట్టేసి పళ్ళెంలో పెరుగన్నం కలిపి తెచ్చింది. నా పక్కన, చాప మీద, మోకాలు పట్టుకుని మెల్లగా కూర్చుంది. నీళ్ళ అంచున నిలబడ్డ ఎర్ర టోపీని చాలాసేపు చూసింది.

"ఎన్నాళ్ళు కూర్చుంటావే ఇలా. నీ మొహం చూసుకున్నావా" అంది.

"నువ్వు మాట్లాడకు."

"అవతల వాడొక్కడే ఉన్నాడే."

నేను అమ్మ వైపు చూడలేదు. చూస్తే నా పట్టు సడలిపోతుందని నాకు తెలుసు. రిమోట్ పెదాలకి ఆనించుకుని, "ఆగమ్మా" అన్నాను.

అమ్మ ముద్ద చేసి నా నోటి ముందు పెట్టింది. "వినపడుతోందిలేవే" అంది. "అందుకేగా ఆగాను."