తోట ముద్ర

నలభై ఒకటో దుంగకి ముద్ర కొట్టేసరికి ఆమె కుడి భుజం మొండికేసింది. ఇంకా పందొమ్మిది మిగిలున్నాయి. మూడు గంటలకల్లా కలప కొనే కంపెనీ తరఫున పరిశీలకుడు వస్తున్నాడు. పొద్దున్నుంచి గుమాస్తా కాలు కాలిన పిల్లిలా కలప అడితంతా తిరుగుతున్నాడు. మంచినీళ్ల కోసం ఆమె సుత్తి కింద పెడితే చాలు, ఎక్కణ్ణుంచో ఊడిపడుతున్నాడు.

"తొందరగా వదినా. కూర్చుంటే అయ్యే పని కాదిది."

"కూర్చున్నానా నేను? పొద్దున్నుంచి నా నడుం నేలకి ఆనిందా అసలు?"

గుమాస్తా ఆమె భర్తకి స్వయానా తమ్ముడు. ఆమెని ఈ పనిలో పెట్టించింది అతనే. రోజంతా సుత్తి ఎత్తి దించితే మూడొందల యాభై. అడితిలో అందరూ ఆమెని ముద్రలక్క అంటారు.

ఆ ముద్ర సంగతి కాస్త చెప్పుకోవాలి. అడవిలో చెట్లు కొట్టడం నిషేధించి మూడేళ్లయింది, తోటల్లో పెంచినవే అమ్మాలి. కొట్టడం మాత్రం ఆగలేదు. కూలీల ముఠా ప్రతి దుంగ చివరా రంగుతో ఏ కొండో, ఏ లారీయో గుర్తు వేసి పంపిస్తుంది. దుంగ అడితిలో దిగగానే రెండు చివర్లూ నాలుగు వేళ్ల మందాన కోసేస్తారు. రంగున్న ముక్కలు బాయిలర్‌లోకి పోతాయి. కొత్తగా తేలిన ముఖం మీద ముద్రలక్క తోట ముద్ర కొడుతుంది, పక్కన గుమాస్తా చీటీ అంటిస్తాడు. ఆ చీటీకి ఫోను చూపిస్తే ఏ తోట, ఏ వరస, ఏ తేదీన కొట్టారు, అన్నీ వచ్చేస్తాయి. కాగితాల ప్రకారం ఆ అడితికొచ్చే ప్రతి దుంగా పద్ధతైన తోటలో పుట్టి, బుద్ధిగా పెరిగి, వేళకి నరికించుకున్నదే!

నలభై రెండో దుంగ దగ్గర ఆమె ఆగిపోయింది.

కోసిన చివర నుంచి మూరెడు దూరంలో, బెరడు చెక్కిన చోట, రెండు ఏటవాలు గాట్లున్నాయి. చెట్లు కొట్టేవాళ్లకి దుంగకింత అని కూలి. చివర వేసిన రంగు వానకి పోతుందని, లెక్క తేడా రాకుండా ఎవడి దుంగ మీద వాడు పక్కన గొడ్డలితో మూడు గీతల్లో సొంత గాటు పెట్టుకుంటాడు. గుమాస్తా ఏనాడూ అడవి మొహం చూసినవాడు కాదు. చివర్లు కోయించడమే అతనికి తెలుసు.

ఆమె భర్త గాటు రెండు ఏటవాలు గీతలు, వాటి మీద ఒక అడ్డగీత. ఈ దుంగ మీద అడ్డగీత లేదు.

ఆమె ఆ చోట వేలితో తడిమి చూసింది. "రెండు పెట్టాను, మూడోది పెట్టబోయేలోగా కాలి మీదికి దొర్లింది" అని అతను ఎన్నిసార్లు చెప్పాడో! ముఠా అతన్ని మోసుకొచ్చి దుంగలన్నీ అక్కడే వదిలేసింది. మోకాలి కింద కాలు తీసేశారు. నష్టపరిహారం కోసం కార్మిక కార్యాలయానికెళ్తే, అసలు తమకి అడవిలో పనే లేదనీ, అతను తాగి ఇంటి మెట్ల మీంచి పడ్డాడనీ అడితి యజమాని ఉత్తరం పంపించాడు. జన్మలో చుక్క ముట్టని మనిషి! "చెట్టే లేకపోతే కాలెలా పోయిందమ్మా?" అన్నాడు అక్కడి అధికారి. ఆ చెట్టు ఇదిగో, ఏడు నెలల తర్వాత తీరిగ్గా లారీ ఎక్కి వచ్చింది. దీనికి కూడా తోట ముద్ర పడితే, రేపట్నుంచి తన భర్త మాటకి సాక్ష్యమనేదే ఉండదు.

"మళ్లీ ఏమైంది వదినా?"

"ఇది మీ అన్నయ్య కొట్టింది. గాటు చూడు."

గుమాస్తా వంగి గాటు చూశాడు. అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "గాట్లు ఎవరైనా పెడతారు."

"పెడితే మూడూ పెడతారు. రెండు పెట్టి ఊరుకునేదెవరు?"

"నీకు దణ్ణం పెడతాను, కొట్టేసెయ్. ఈ సరుకు పోకపోతే అడితి మూతపడుతుంది. ముప్పై కుటుంబాల నోట్లో మట్టి కొడతావా? ఆ ఉత్తరం నేనేమన్నా సంతోషంగా రాశాననుకున్నావా? యజమాని ఎదురుగా కూర్చుని చెప్తుంటే రాశాను."

"'తాగి' అన్న మాట కూడా ఆయనే చెప్పాడా?"

గుమాస్తా చేతిలోని చీటీల కట్ట సర్దుకున్నాడు. గేటు వైపు వెళ్లిపోయాడు.

ఆమె ఆ దుంగని వదిలి పక్కదానికి కొట్టింది. మళ్లీ వెనక్కొచ్చింది. ఇంకోదానికి కొట్టింది, మళ్లీ వచ్చింది. పలకలు మోసే ఆడవాళ్లు అటుగా పోతూ, "ఏంటక్కా, ఆ దుంగ చుట్టూ ప్రదక్షిణలు?" అని నవ్వారు. వాళ్లని చూస్తే భయమేసింది. వీళ్ల కూడు తన సుత్తి కిందే ఉంది. భయం కంటే సిగ్గెక్కువ వేసింది. పనిలో చేరిన ఈ ఆరు నెలల్లో ఎందరి గాట్ల పక్కన ఈ ముద్ర కొట్టిందో! ఆ దుంగల కింద ఎవరు పడ్డారో ఒక్కనాడూ అడగలేదు.

పరిశీలకుడు చెప్పిన వేళకే వచ్చాడు. చిన్నవాడే, మర్యాదస్తుడు. ఫోను చూపిస్తూ, తలాడిస్తూ, ఒక్కో దుంగే దాటుకుంటూ వచ్చి నలభై రెండో దాని దగ్గర నిలబడ్డాడు.

"దీనికి ముద్ర లేదేంటమ్మా?"

"ఎండకి మర్చిపోయినట్టుంది సార్," అన్నాడు గుమాస్తా. "కొట్టు వదినా."

"మర్చిపోలేదండీ," అంది ఆమె. "నేను కొట్టను."

ఆ మాట ఇంత గట్టిగా వస్తుందని ఆమే అనుకోలేదు. పలకల వాళ్లు మోస్తున్నవి దించి నిలబడ్డారు.

"ఇది తోటది కాదు. ఎక్కడిదో చెప్పే మనిషి మా ఇంట్లో మంచం మీదున్నాడు. ఆయన కాలు దీని కిందే పోయింది. మీ ఫోనులో అది రాదు. ఈ వెనక సందే, రండి, మీరే అడుగుదురుగాని."

"వదినా!" అన్నాడు గుమాస్తా. బెదిరిస్తున్నాడో బతిమాలుతున్నాడో అతనికే తెలిసినట్టు లేదు.

ఆమె సుత్తి తీసి అతని చేతిలో పెట్టింది. కొంగుతో మొహం తుడుచుకుని గేటు దాటింది. సందు మొదట్లోకి వచ్చినా వెనక ఎవరి అడుగుల చప్పుడూ వినిపించలేదు. తిరిగి చూస్తే కాళ్లు ఆగిపోతాయని, చూడకుండానే నడిచింది.