గుండీ జరిపిన చెయ్యి

ముప్పై ఏళ్లుగా కుట్టుమిషనే నా బతుకు. మనిషి గుమ్మంలో అడుగు పెడితే చాలు, టేపు తీయకుండానే కొలత చెప్పేస్తానని నాకు మహా పొగరు. నా పొగరు మంటగలవ!

మా తమ్ముడు బస్సు డ్రైవరు. వాడి చొక్కాలన్నీ నేనే కుడతాను. కిందటేడు వానల్లో వచ్చి, "అక్కా, కాలరు పట్టేస్తోందే" అన్నాడు.

"కూర్చుని తిని కొవ్వెక్కావురా" అని నవ్వి, గుండీ అర అంగుళం జరిపాను.

నాలుగు నెలలకు మళ్లీ వచ్చాడు. మళ్లీ జరిపాను. మూడోసారి టేపు వేస్తుంటే ఎడమ చెవి కింద గట్టిగా ఏదో వేలికి తగిలింది. రేగుపండంత గడ్డ. నొక్కితే కదల్లేదు.

"నొప్పా?"

"అబ్బే, ఏం లేదు."

"నొప్పి లేకపోతే ఏం కాదులే, అదే కరుగుతుంది" అన్నాను, పెద్ద చదువుకున్నదానిలాగా. ఆ గడ్డ పైకి కనబడకుండా కొత్త కాలరు ఎత్తుగా కుట్టిచ్చాను. బాగా కుదిరిందని మురిసిపోయాను కూడా.

వాడి గొంతు బొంగురుపోయాక గానీ ఆసుపత్రికి వెళ్లలేదు. డాక్టరమ్మ మెడంతా తడిమి, గడ్డలో సూది గుచ్చి పరీక్షకు పంపింది. స్కానింగూ తీయించింది. మరుసటి వారం ఇద్దరినీ కూర్చోబెట్టి చెప్పింది. గొంతులో పుట్టిన క్యాన్సరు మెడలోకీ, ఊపిరితిత్తుల్లోకీ పాకిందట.

"గడ్డ వచ్చి ఎన్నాళ్లయింది?"

"రెండు నెలలుంటుందండీ" అన్నాడు తమ్ముడు, నా వైపు చూడకుండా. ఆ స్థితిలోనూ నన్నే కాపాడుతున్నాడు, వెధవ!

కొలతల పుస్తకం ఎప్పుడూ నా సంచిలోనే ఉంటుంది. తీసి ఆమె ముందు పెట్టాను. పదిహేనున్నర, పదహారు, పదహారున్నర. ప్రతి అంకె పక్కనా నా చేత్తో రాసిన తేదీ. మొదటిది రాసి ఏడాది దాటింది.

"నొప్పి లేకపోవడమే మోసమమ్మా" అంది డాక్టరమ్మ. "మెడలో గడ్డ రెండు మూడు వారాల్లో తగ్గకపోతే చూపించాలి. గట్టిగా, కదలకుండా ఉంటే అసలు ఆగకూడదు. అప్పుడే వచ్చుంటే..."

మిగతాది నాకు అర్థమైంది.

మొన్న తమ్ముడు నాలుగు చొక్కాలు పట్టుకొచ్చాడు. మందులకు మనిషి సగమైపోయాడు.

"కాలరు వదులైపోయిందే అక్కా. గుండీ వెనక్కి జరుపు."

టేపు వేశాను. పద్నాలుగు. నాలుగు చొక్కాలూ ముందుకు లాక్కుని కత్తెర తీశాను.

వాడు మూడు తీసి మళ్లీ సంచిలో పెట్టుకున్నాడు.

"ఒక్కటి చాల్లేవే" అన్నాడు.