విరగని పప్పు

మా అక్క సరోజినికి రోజుకు నాలుగుసార్లు పొట్టలోకి మందునీళ్ళు ఎక్కించి, మళ్ళీ దింపాలి. ఊరూరా కిడ్నీ జబ్బున్న ఉద్దానానికి కోడలుగా వెళ్ళింది, రెండు కిడ్నీలూ పాడైపోయాయి. అన్నీ ఇంట్లో తనే చేసుకుంటుంది. ఒక్క పూట తప్పదు, ఏ పూటకాపూట నోటుబుక్కులో రాస్తుంది. ఆ బుక్కు చూశాకే హైదరాబాద్ డాక్టరు కిడ్నీ మార్పిడికి ఒప్పుకునేలా కనిపించాడు. కిడ్నీ ఇవ్వడానికి మా బావ సిద్ధంగా ఉన్నాడు. ఇక డాక్టరు సరే అనడమే మిగిలింది.

వైజాగ్ నుంచి చిన్న విమానానికి టిక్కెట్లు తీశాను. అక్క చేతిలో మధ్యాహ్నం పూటకి మందునీళ్ళ సంచి. నా చేతిలో డాక్టరుగారికి జీడిపప్పు పెట్టె. నందిగాంలో మా తోట జీడిపిక్కలు, పలాసలో నేను దగ్గరుండి ఏరించిన పప్పు. మా వైపు వాళ్ళం పెద్దవాళ్ళ దగ్గరికి పప్పు లేకుండా వెళ్ళం. అదీ విరగని గుండు పప్పే కావాలి, బద్దలు ఇస్తే పరువు పోయినట్టే. పోయినసారి పెట్టె లగేజీలో వేస్తే సగానికి సగం బద్దలై వచ్చింది. ఆ మంట నాకింకా చల్లారలేదు.

విమానం మెట్ల దగ్గర ఒకమ్మాయి ఆపింది.

"పైన చోటు లేదు సార్. ఈ రెండిట్లో ఒకటి కింద వేస్తాం. దిగగానే మెట్ల దగ్గరే ఇచ్చేస్తాం."

నేను అక్క సంచి అందుకున్నాను.

"ఒరే ధర్మా, అదొద్దురా. నీ పెట్టి ఇచ్చీ," అంది అక్క.

"గంటలో సేతికొచ్చేత్తాది గదక్కా. ఏటవుద్ది?"

ఆ అమ్మాయి సంచికి చీటీ కడుతూ అడిగింది. "మందులేమైనా ఉన్నాయా సార్?"

ఉన్నాయంటే నా పెట్టె కిందికి పోతుంది.

"లేవమ్మా, బట్టలే," అన్నాను.

అక్క నా ముఖంలోకి చూసింది. పరాయి పిల్ల ముందు తమ్ముణ్ణి అబద్ధాలకోరును చేయడం ఇష్టం లేదు కాబోలు, మెట్లెక్కేసింది. దారి పొడుగునా పెట్టె నా ఒళ్ళోనే ఉంది.

హైదరాబాద్‌లో దిగాక అందరి సంచులూ వచ్చాయి, మాది రాలేదు. బరువు ఎక్కువైందని కొన్ని వైజాగ్‌లోనే దింపేశారట. సాయంత్రం విమానంలో పంపుతారట. వాళ్ళతో గొడవపడ్డాను. ఎవరి మీద అరుస్తున్నానో నాకు తెలుసు.

ఆసుపత్రికి చేరేసరికి రెండు దాటింది. నీరు పట్టి అక్క పాదాలకు చెప్పులు బిగుసుకుపోయాయి. నర్సు అక్కడి మందునీళ్ళే ఎక్కించింది. డాక్టరు నోటుబుక్కు తెరిచి, మధ్యాహ్నం గడి ఖాళీగా ఉండటం చూశాడు. సంచి వైజాగ్‌లోనే ఉండిపోయిందని విన్నాడు.

"సంచి చేతిలోంచి వదలొద్దని అన్నిసార్లు చెప్పాను కదా. ఎవరిచ్చారు?"

నేను ఒళ్ళో పెట్టె సర్దుకున్నాను. ఈలోపు అక్కే చెప్పింది.

"నేనే ఇచ్చీసినాను బాబూ. బుద్ధి నేక."

"ఒక్క సంచి కాపాడుకోలేకపోతే రేపు కొత్త కిడ్నీని ఎలా కాపాడుకుంటావమ్మా? దానికి మందులు వేళ తప్పకూడదు. ఆర్నెల్లు చూసి అప్పుడు మాట్లాడదాం."

నేనే ఇచ్చాను, అందులో మందులు లేవని చెప్పి మరీ ఇచ్చాను. ఆ రెండు మాటలు చాలు. చెప్పడానికే నోరు తెరిచాను.

"మా పలాస పప్పండి," అని పెట్టె బల్ల మీద పెట్టాను.

సిగ్గులేని జన్మ నాది. అక్క ఆర్నెల్లు అక్కడే పోయాయి, నేను వంగి నమస్కారం కూడా పెట్టి వచ్చాను.

బయట అక్క గోడ పట్టుకుని మెల్లగా నడుస్తోంది. నేను చెయ్యి అందించాను, పట్టుకుంది. కొంతదూరం వెళ్ళాక అడిగింది.

"పప్పు ఇరగనేదు గదరా?"

"నేదక్కా," అన్నాను.

"పోన్లే," అంది అక్క.