వాలియంట్ గొంతు

ఇక ఇంటికి తీసుకెళ్లిపొమ్మని డాక్టరు చెప్పేశారు. తాతయ్య ఊపిరితిత్తులు నీటితో నిండిపోయాయి. పెరటివైపు కిటికీ పక్కన మంచం వేసి, ముక్కుకు ఆక్సిజన్ గొట్టం పెట్టి పడుకోబెట్టాం. రెండు రోజులు ఏమీ మాట్లాడలేదు. మూడో రోజు నేను సూప్ గిన్నె పట్టుకుని వెళ్తే నా మణికట్టు పట్టుకున్నాడు.

"జనెల్, ఒక్కసారి దాన్ని స్టార్ట్ చేయించమ్మా. విని పోతాను."

దాన్ని అంటే మా వాలియంట్. అరవై నాలుగులో కొన్న ప్లిమత్ కంపెనీ చిన్న కారు. లేత నీలం. గేరు మార్చడానికి కర్ర ఉండదు, స్టీరింగుకి ఎడమపక్క బొత్తాలుంటాయి. చిన్నప్పుడు ఆ బొత్తాలు నొక్కే పని తాతయ్య నాకే ఇచ్చేవాడు. ఆయన చూపు మందగించాక కారు కొట్టంలోనే ఉండిపోయింది.

నేను నార్బర్ట్ గారికీ ఆర్లో గారికీ ఫోన్ చేశాను. ఇద్దరూ తాతయ్య ఈడువాళ్లు, ఇద్దరూ ఒకప్పుడు వాలియంట్ నడిపినవాళ్లే. ఆ సాయంత్రమే వచ్చి మంచం పక్కన కూర్చున్నారు.

"ఎమెట్, నా బండి నేల తుప్పు పట్టి చిల్లు పడిందే, గుర్తుందా?" అన్నారు నార్బర్ట్ గారు తాతయ్యతో. "మా పిల్లలు వేరుశనగ తొక్కలన్నీ అందులోంచి రోడ్డు మీదికి జారవిడిచేవాళ్లు. మా పిల్లలంత శుభ్రం ఎవరికీ లేదని మా ఆవిడ ఒకటే మురిసిపోవడం."

"ఆ చిల్లులోంచే నిన్ను కూడా జారవిడిచి ఉంటే ఆవిడ ఇంకా సుఖపడేది," అన్నారు ఆర్లో గారు. "నన్నడుగు, నేనెంత దద్దమ్మనో. నా వాలియంట్ ఇచ్చేసి ట్రక్కు తెచ్చుకున్నాను. మొదటి మంచుకే ట్రక్కు మొరాయించింది. చివరికి ఎమెట్ వాలియంట్‌లోనే నా పాలక్యాన్లు డెయిరీకి చేరాయి. వెనకసీటు ఇప్పటికీ పాలవాసనే కొడుతుంది కదరా ఎమెట్?"

తాతయ్య నవ్వలేదు. కళ్లు కిటికీవైపే ఉన్నాయి.

మర్నాడంతా వాళ్లిద్దరూ కొట్టంలోనే ఉన్నారు. పాత పెట్రోలు తోడేశారు. ప్లగ్గులు మార్చారు. కార్బురేటరు విప్పి కడిగారు. నేను ఇంటికీ కొట్టానికీ మధ్య కాఫీ మోస్తూ తిరిగాను. లోపల తాతయ్య ఊపిరి ఆగి ఆగి వస్తోంది. ఒక్కో ఊపిరికి ముందు నాన్నమ్మ తనూ ఊపిరి బిగబట్టి చూస్తోంది.

మధ్యాహ్నం దాటాక కారును కిటికీ కిందికి నెట్టుకొచ్చారు. చలిగాలి కొడుతున్నా నాన్నమ్మ కిటికీ తెరిచింది. నేను తాతయ్య చెయ్యి పట్టుకుని కూర్చున్నాను. ఆర్లో గారు తాళం తిప్పారు. చిర్రుమని చిన్న చప్పుడు, అంతే, ఇంజను అందుకుంది. బయట ఇద్దరూ చప్పట్లు కొట్టారు.

"ఎవరొచ్చారు?" అన్నాడు తాతయ్య.

"మన కారే తాతయ్యా. స్టార్టయింది."

"కాదు."

"నిజంగా మనదే."

"నా బండి గొంతు నాకు తెలీదటే?" నా చేతిలోంచి తన చెయ్యి లాక్కున్నాడు. "అమ్మేశారన్నమాట. ఆ సంగతి చెప్పేస్తే సరిపోయేదిగా." ముఖం గోడవైపు తిప్పుకున్నాడు.

నాన్నమ్మ ఆయన భుజం మీద చెయ్యి వేసి, "నీ మీదొట్టు ఎమెట్, అమ్మలేదు," అంది. ఆయన తిరగలేదు.

అప్పుడు నాకు అర్థమైంది. వాలియంట్‌లో తాళం తిప్పగానే ఇంజను కంటే ముందు, దాన్ని తిప్పి లేపే చిన్న మోటారు, స్టార్టరు, కూస్తుంది. సన్నగా మొదలై, సాగి, పైకి లేచి, మళ్లీ జారుతుంది. చర్చి బయట ఎన్ని కార్లున్నా ఆ కూత వింటే తాతయ్య బయల్దేరుతున్నాడని అందరికీ తెలిసేది. ఇందాక ఆ కూత రాలేదు.

నేను పరుగెత్తుకుంటూ బయటికి వెళ్లాను. పెద్దవాళ్ల ముందు నాకు మామూలుగానే గొంతు పెగలదు. అయినా అడిగాను.

"స్టార్టరు మార్చారా?"

"మార్చాం మరి!" ఆర్లో గారి ముఖం వెలిగిపోతోంది. "కొత్తరకంది, సగం బరువు. వాడి కోసం మొదటి తిప్పుకే అందుకోవాలని ఊరంతా తిరిగి తెచ్చాను."

"పాతదానికి ఏమైంది?"

"ఏమీ కాలేదు. ఊరికే అరుస్తుంది."

"ఆ అరుపే కావాలాయనకి! కారు అమ్మేశామనుకుంటున్నాడు. పాతది పెట్టండి. ఇప్పుడే పెట్టండి."

"ఓరి దేవుడా," అన్నారు నార్బర్ట్ గారు. "ఈ పిల్లకు ఇంత గొంతుందా?"

ఆర్లో గారి ముఖంలో వెలుగు పోయింది. అట్టముక్క పరుచుకుని కారు కిందికి దూరారు. పాత ఇనుప సామాన్లు పడేసే డ్రమ్ములోంచి స్టార్టరును నేనే లాగి తెచ్చాను. దాని బరువుకు నా మోచేతులు వణికాయి. బోల్టు ఒకటి ఆయన చేతిలోంచి జారి బురదలో పడింది. చలికి కొంకర్లు పోయిన వేళ్లతో ముగ్గురం వెతికాం. కిటికీలోంచి నాన్నమ్మ, "జనెల్, ఇంకెంతసేపు?" అంది. నేను బురద తడుముతూనే ఉన్నాను. మళ్లీ, "జనెల్!" అంది. ఈసారి ఆమె గొంతు ఆమెది కానట్టు ఉంది.

బోల్టు దొరికింది. బిగించేశారు. "ఎక్కు, నువ్వే తిప్పు," అన్నారు కారు కిందినుంచి దొర్లి బయటికొస్తూ ఆర్లో గారు.

తాళం తిప్పాను. కూసింది. సన్నగా మొదలై, పైకి లేచి, జారి, మళ్లీ లేచింది. ఇంజను అందుకుంది.

"హమ్మయ్య!" అని నార్బర్ట్ గారు బానెట్ మీద చరిచారు.

కిటికీలో నాన్నమ్మ వీపు మాత్రమే కనిపిస్తోంది. మంచం మీదికి వంగి ఉంది. ఇంజను రొదలో లోపలి మాట ఒక్కటీ వినపడదు. నేను ఇంజను ఆపేశాను.

"ఆపావేంటే పిచ్చిదానా! ఇప్పుడేగా అందుకుంది!" అన్నారు ఆర్లో గారు.

"ఆయన విన్నాడో లేదో."

లోపలికెళ్లి చూడాలనిపించింది. వెళ్తే ఇక్కడ తిప్పేవాళ్లు ఉండరు. ఆర్లో గారికి చెబితే ఇంజనును అలాగే నడవనిస్తారు తప్ప ఆపరు. తాతయ్యకు కావలసింది ఇంజను కాదు, ఆ కూత.

మళ్లీ తిప్పాను. కూసింది. అందుకోగానే ఆపేశాను. నాన్నమ్మ ఇటు తిరగలేదు. చాలని చెయ్యి ఊపలేదు, రమ్మని పిలవలేదు.

"బ్యాటరీ అయిపోతుందమ్మాయ్," అన్నారు నార్బర్ట్ గారు మెల్లగా.

"మీరు వచ్చిన ట్రక్కు దగ్గరికి తీసుకురండి. రెండు బ్యాటరీలకీ తీగలు తగిలించండి."

ఆయన కుంటుకుంటూ ట్రక్కువైపు నడిచారు. ఆర్లో గారు కిటికీలోంచి లోపలికి చూసి, అటు వీపు పెట్టి, టోపీ తీసి చేతిలో పట్టుకున్నారు. నేను అటు చూడలేదు. కూత ఈసారి నీరసంగా వచ్చింది, అయినా వచ్చింది. ఆపేసి మళ్లీ తాళం తిప్పాను.